మూతకు నట్లు పైవైపే

పద్దెనిమిదేళ్ళపాటు ఏదో ఒక సాకు చెప్పి అక్కను ఓడ ఎక్కనివ్వకుండా నెట్టుకొచ్చిన మేస్త్రిని పోయిన వారం సంచికలో ఓడ మెట్ల దగ్గర వదిలిపెట్టాం. ఆ సాయంత్రం పొద్దు వాలేవేళకు ఓడకు ఆఖరిసారి జెండా దించుతారు. మర్నాడు టగ్గు పడవలు వచ్చి దాన్ని ఈడ్చుకుపోయి, ముక్కలు కోసేవాళ్ళకు అప్పజెబుతాయి. ఆఖరి రోజు కదా అని కుటుంబాలను కూడా రమ్మన్నారు. ఓడ మీద ప్రాణాలు పోయినవాళ్ళ ఇళ్ళకైతే కెప్టెన్ స్వయంగా సంతకం పెట్టి పిలుపు పంపాడు. ఆ కాగితం చేత్తో పట్టుకుని అక్క వచ్చేసింది. తమ్ముణ్ణి చూసి, ఎలా ఉన్నావని కూడా అడగలేదు.

"మీ బావ పోయిన చోటు చూపించు," అంది.

చూపించక తప్పింది కాదు.

ఆ ఓడకు పెట్టిన పేరు వేరే ఉంది గాని, దానిమీద పనిచేసినవాళ్ళందరూ పెద్దమ్మ అనేవాళ్ళు. "లోకంలో అందరి నెత్తినా పెద్దమ్మ కూర్చుంటుంది, మనమొక్కళ్ళమే పెద్దమ్మ నెత్తిన కూర్చున్నాం" అని వంటగదిలో ఒక పాత జోకు. ముప్ఫై ఆరేళ్ళు నీళ్ళమీద తిరిగిన యుద్ధనౌక. మేస్త్రి ఇరవై నాలుగో ఏట ఇంజన్ల దగ్గర నూనె తుడిచే పనికి ఎక్కాడు, నలభై అయిదో ఏట ఇంజన్లన్నిటికీ పెద్దగా దిగబోతున్నాడు. ఆ ఉద్యోగంలో పెట్టించింది బావే, పని నేర్పించిందీ బావే. మధ్యలో రెండుసార్లు వేరేచోటికి బదిలీ అయితే బతిమాలుకుని మళ్ళీ పెద్దమ్మ దగ్గరికే వచ్చాడు. ఎందుకొచ్చావని అడిగినవాళ్ళకు అలవాటైపోయిందని చెప్పేవాడు.

ఇద్దరూ ఇరుకు నడవలోంచి నడిచారు. పెళ్ళివారు ఖాళీ చేసి వెళ్ళిన విడిది ఇల్లులా ఉంది లోపలంతా. భోజనాల బల్లలు ఊడదీసి తీసుకుపోగా నేలమీద బోల్టుల గుంతలు మిగిలాయి. ఇత్తడి పలకలు తీసేసినచోట గోడలమీద పాత రంగు చదరాలు చదరాలుగా కనబడుతోంది. పడక గదుల్లో కుర్రాళ్ళు గోడలనిండా పేర్లు గీసుకున్నారు, కెప్టెన్ చూసీ చూడనట్టు ఊరుకున్నాడు. ఎలాగూ కోసేసే గోడలు. ఒక్క జనరేటరు మాత్రం తిరుగుతోంది. మిగతా ఇంజన్లన్నీ పోయిన వారమే ఆపేశారు. పాదాల కింద ఆ వణుకు లేకపోవడం మేస్త్రికి ఇంకా మింగుడు పడటం లేదు.

ఎదురైనవాళ్ళు గోడకు ఒత్తుకుని అక్కకు దారి ఇచ్చారు. కొందరు టోపీ తీశారు. ఆవిడ అందరికీ తల ఊపింది. యాభై ఏళ్ళ మనిషి, పొట్టిగా, గట్టిగా ఉంటుంది. మొగుడు పోయాక తండ్రిగారి వడ్రంగం షెడ్డు తనే నడుపుకుంటూ, తలుపులూ కిటికీలూ చేస్తూ కూతుర్ని పెంచింది. కుడిచేతి బొటనవేలి గోరు ఎప్పుడో సుత్తిదెబ్బకు పోయి, వంకరగా మొలిచింది.

ఆవిడకు తెలిసిన కథ ఒకటే. తుఫానులో గొట్టం పగిలి పంపు గదిలోకి సముద్రం విరుచుకుపడ్డప్పుడు, బావ తోటివాళ్ళిద్దరినీ పైకి పంపేసి, మిగతా ఓడలోకి నీళ్ళు రాకుండా తను లోపలే ఉండి మూత వేసుకున్నాడు. రెండువందల మందిని బతికించి తను పోయాడు. ఆ కథ ఆవిడకు చెప్పింది తమ్ముడే. ఓడ మీద ఇంకెవరూ చెప్పి ఉండరు. ఎందుకంటే ఆ మూతను ఒక్కసారి కళ్ళతో చూసినవాడెవడూ ఆ కథ నమ్మడు. అందుకే అన్నేళ్ళ సాకులు. ఓడ మరమ్మతులో ఉందన్నాడు, ఆడవాళ్ళను రానివ్వరన్నాడు, మెట్లు ఎక్కలేవన్నాడు. షెడ్డు కప్పుమీదికెక్కి రేకులు మార్చుకునే మనిషితో ఆ చివరి మాట అన్నప్పుడు తనకే నవ్వొచ్చింది.

రెండు నిచ్చెనలు దిగి, వెనకవైపు నడవ చివరికి వచ్చారు. నేలలో నలుచదరపు కంత, దాని మూత వెనక్కి వాల్చి గోడకున్న కొక్కేనికి తగిలించి ఉంది. కంత చుట్టూ ఎనిమిది మడత బోల్టులు, ఒక్కోదానికి రెండు చెవులున్న నట్టు. మూత వేశాక బోల్టులు పైకి లేపి, ఆ చెవులు పట్టుకుని నట్లు బిగించాలి. కింద పంపు గదిలో ఒక బల్బు వెలుగుతోంది.

అక్క కళ్ళజోడు పెట్టుకుంది. వంగి, కంత అంచు వేలితో తడిమింది. రబ్బరు పట్టీ నొక్కి చూసింది. బోల్టు ఒకటి పట్టుకుని అటూ ఇటూ ఆడించింది. కొత్తరకం గడియ ఏదైనా షెడ్డుకు వస్తే ఆవిడ ఇలాగే చూస్తుంది.

"ఇదేనా?"

"ఇదే అక్కా. పద, పైన టీ ఇస్తున్నారు. కుర్చీలు నిండిపోతాయి."

"టీ ఎక్కడికి పోతుందిలే."

ఆవిడ పక్కకు జరిగి, వాల్చి ఉన్న మూత అడుగువైపు చూసింది. తెల్లరంగు వేసిన ఇనుము. చాలాసేపు చూసింది. తర్వాత చీర కుచ్చెళ్ళు ఎత్తి బొడ్లో దోపుకుంది.

"ఏంటక్కా?"

"దిగుతాను. నేను దిగాక మూత వెయ్యి."

"నీకేమన్నా పిచ్చా! లోపలంతా జిడ్డు. జారితే కాలు విరుగుతుంది. నా మాట విను."

"నాన్న దగ్గర నేను తలుపులు బిగిస్తుంటే నువ్వు పక్కన నిలబడి మేకులు అందించేవాడివి. ఎక్కడం, దిగడం నువ్వు నాకు నేర్పకు."

నిచ్చెన పట్టుకుని దిగింది. నాలుగో మెట్టు మీద ఆగి తల పైకెత్తింది. బల్బు వెలుతురు కిందనుంచి కొడుతుంటే ఆవిడ మొహం ఎవరిదోలా ఉంది.

"వెయ్యి."

చిన్నప్పుడు "పలక తీసుకురా" అన్నా, "దీపం ఆర్పు" అన్నా ఆ గొంతే. వద్దనడం అతనికి ఎప్పుడూ చేతకాలేదు. కొక్కెం తప్పించి, రెండు చేతులతో మూత పట్టుకుని మెల్లగా దించాడు. అక్క మొహం సగమైంది, పాపిట కనబడింది, అదీ పోయింది. ఇనుము ఇనుమును ముట్టుకున్న చప్పుడైంది. నట్లు మాత్రం ముట్టుకోలేదు.

కిందనుంచి ఏమీ వినబడలేదు. కాసేపటికి, ఇనుముకు అవతల అరచేయి తడుముతున్న సన్నని గరగర. ఒక మూలనుంచి ఇంకో మూలకు, మళ్ళీ మొదటి మూలకు. అది ఆగింది. ఆ తర్వాత వేలి కణుపుతో మూడుసార్లు తట్టింది.

మేస్త్రికి మూత ఎత్తాలని తెలుసు, చేతులు రాలేదు. అక్క మళ్ళీ తట్టింది. అప్పుడు ఒంట్లో ఉన్న బలమంతా పెట్టి లేపాడు. మూత వెనక్కి వెళ్ళి గోడకు దబ్బున కొట్టుకుంది.

అక్క భుజాలవరకు పైకి వచ్చి అక్కడే నిలబడింది. చేతులు కంత అంచుమీద పెట్టుకుంది.

"లోపల పట్టుకోడానికి ఏమీ లేదురా. అంతా తడిమి చూశాను. గొళ్ళెం లేదు, పిడి లేదు, కనీసం వేలు దూరే సందు లేదు. మూతకు నట్లు పైవైపే ఉన్నాయి."

అతను మూతను మళ్ళీ కొక్కేనికి తగిలించాడు.

"ఆయనే వేసుకున్నాడన్నావు."

"అన్నాను."

"ఎవరు వేశారు?"

"అక్కా, అదీ... అప్పుడు తుఫాను..."

"నీళ్ళు నమలకు. ఎవరు వేశారు?"

"నేనే."

ఆవిడ రెప్ప వెయ్యలేదు. తెలిసిన సమాధానం కోసమే అడిగిన మనిషిలా ఉంది. "మొదటినుంచీ చెప్పు," అంది.

పద్దెనిమిదేళ్ళలో ఆ సంగతి అతను ఎవరికీ చెప్పలేదు. ఎంక్వయిరీవాళ్ళు కూడా రెండు కాగితాలమీద సంతకం పెట్టించుకుని పంపేశారు. ఇప్పుడు చెప్పబోతే మాటలు వరస తప్పి వచ్చాయి. గొట్టం పగిలింది. కింద ముగ్గురున్నారు. ఇద్దరు పైకొచ్చేశారు. నీళ్ళు ఆపే చక్రం బిగుసుకుపోయింది, ఇంకో నాలుగు చుట్లు తిప్పితే చాలు, వచ్చేస్తానని బావ కిందనుంచి అరిచాడు. కింద దీపాలు పోయాయి. నీళ్ళు ఆరో మెట్టు దాటాయి. ఈ గోడకే టెలిఫోను ఉండేది, ఇదిగో, ఈ తీగలు దానివే. పైకి ఫోన్ చేస్తే అప్పటి కెప్టెనే ఎత్తాడు.

"ఆయన ఏమన్నాడు?"

"మూత వెయ్యమన్నాడు. ఆ మాట వినబడింది, అంతే, లైను తెగిపోయింది. ఈ నడవలోకి నీళ్ళొస్తే ఇంజన్లు పోతాయి, ఇంజన్లు పోతే ఆ గాలికి ఓడ పక్కకు పడిపోతుంది. బావని పిలిచాను అక్కా. రెండుసార్లు పిలిచాను. పలకలేదు. వినబడలేదో, నీళ్ళ హోరులో ఆయన పలికింది నాకే వినబడలేదో. మూత దించేశాను. నట్లు బిగించడం మొదలుపెట్టాను."

"ఊఁ."

"ఐదో నట్టు దగ్గర ఉండగా కిందనుంచి తట్టాడు."

అక్క చేతివేళ్ళు అంచుమీద బిగుసుకున్నాయి. "అప్పుడు?"

"ఆరోది బిగించాను."

జనరేటరు ఎక్కడో దూరంగా గొణుగుతోంది. పైన డెక్కుమీద కుర్చీలు ఈడుస్తున్న చప్పుళ్ళు.

"తర్వాత ఏడు. తర్వాత ఎనిమిది," అన్నాడు మేస్త్రి. "స్పానరుతో కొట్టాడు. నేను ఇక్కడే, ఈ మూతమీదే కూర్చున్నాను. ఎవరైనా వచ్చి తెరుస్తారేమోనని కూర్చున్నాను. తెరుస్తారని భయమో, తెరవాలని ఆశో, ఇప్పటికీ నాకు తెలీదు."

"ఎంతసేపు కొట్టాడు?"

"అది అడక్కు అక్కా."

"అడిగాను."

"చాలాసేపు."

అక్క నిచ్చెన ఎక్కి పైకొచ్చింది. కొడుతుందనుకున్నాడు. కొడితే బాగుండుననీ అనుకున్నాడు. ఆవిడ కుచ్చెళ్ళు విప్పుకుని, చీరకంటిన జిడ్డు చూసుకుని, గోడకు ఆనుకుని నేలమీద కూర్చుంది.

"ఆ కబురుతో నేను వచ్చి గుమ్మంలో నిలబడ్డప్పుడు నువ్వు అడిగావు," అన్నాడతను. "పిల్లని చంకనేసుకుని, ఆఖర్న ఏం చేశాడురా అని అడిగావు. ఏదో ఒకటి చెప్పాలిగా. నోటికి అదొచ్చింది. నీకు కాస్త ఓదార్పుగా ఉంటుందని..."

"ఓదార్పా!"

ఆవిడ గొంతు మొదటిసారి లేచింది.

"నీకో సంగతి చెప్పనా? పద్దెనిమిదేళ్ళుగా ఆయన మీద కోపంతో బతికానురా నేను. మూడేళ్ళ పిల్లని, నన్నూ గాలికొదిలేసి, ఎవరో రెండువందల మంది కోసం తన చేత్తో తనే మూత వేసుకున్నాడే, మేం గుర్తుకు రాలేదా ఈయనకి అని. ఊళ్ళోవాళ్ళందరూ మీ ఆయన దేవుడమ్మా అంటుంటే తల ఊపేదాన్ని. ఇంటికొచ్చి ఫోటో గోడవైపుకి తిప్పి పెట్టేదాన్ని. ఆయన కోసం ఒక్కసారైనా తిన్నగా ఏడ్చానా? ఏడుపు రాలేదు. కోపం అడ్డమొచ్చేది."

తర్వాత తనలో తను అనుకుంటున్నట్టు అంది:

"తట్టాడంటే రావాలనుకున్నాడన్న మాట. బయటికి రావాలనుకున్నాడు. మా దగ్గరికి."

అప్పుడు ఏడ్చింది. కొంగు నోట్లో కుక్కుకుని, చప్పుడు బయటికి రాకుండా, భుజాలు ఎగిరెగిరి పడేలా ఏడ్చింది. మేస్త్రి దగ్గరికి జరగబోతే చెయ్యి అడ్డం పెట్టింది. అతను ఎక్కడివాడు అక్కడే ఉండిపోయాడు. అబద్ధం ఒకటి అల్లి అక్కకు కప్పుకోడానికి ఇచ్చాననుకున్నాడు ఇన్నాళ్ళూ. ఆవిడ చలికి వణుకుతూనే ఉందని ఇప్పుడు తెలిసింది.

కళ్ళు తుడుచుకుని అక్క లేచింది. మామూలు గొంతుతో, షెడ్డులో మనుషులకు పని పురమాయిస్తున్నట్టు మాట్లాడింది.

"బుల్లి చేతిలో కాగితం ఉంది. జెండా దించేముందు వాళ్ళ నాన్న గురించి మైకులో చదవమన్నారు. రాత్రంతా కూర్చుని రాసుకుంది. నేను చెప్పిన కథే రాసుకుంది, అంటే నువ్వు నాకు చెప్పిన కథ. ఈ ఓడ మనుషులందరికీ ఈ మూత సంగతి తెలుసు కదా?"

"తెలుసు."

"పిల్ల అది చదువుతుంటే వాళ్ళు నవ్వరు. తల వంచుకుంటారు. జాలి పడతారు. నవ్వినా నయమే. అది చదవకముందే నువ్వు వెళ్ళి దానికి నిజం చెప్పు. నేను చెప్పను. నీ నోటితోనే మొదలైంది, నీ నోటితోనే పోవాలి."

"ఎలా చెప్పనక్కా?"

"నాకెలా చెప్పావో అలాగే. కెప్టెన్ వెయ్యమన్నాడు, ఆర్డరు, వేశాను అని చెప్పు. అదీ అదే ఉద్యోగంలో చేరింది, ఆర్డరంటే ఏంటో దానికి తెలుసు." నిచ్చెన దగ్గరకు వెళ్ళి వెనక్కి తిరిగింది. "నిన్ను క్షమించానని అనుకోకు. ఆ ఆర్డరు ఒక్కటే నిన్ను నాకింకా తమ్ముడిగా ఉంచింది. ఇంకేమీ లేదు."

పైకి వచ్చేసరికి ఎండ ఎర్రబడింది. వెనక డెక్కుమీద కుర్చీలు వరసలుగా వేశారు. బ్యాండువాళ్ళు తడి గుడ్డలతో బాకాలు తుడుచుకుంటున్నారు. ఓడ మనుషులు ఉతికిన తెల్లబట్టల్లో రెండు పక్కలా బారు తీరుతున్నారు. అక్క పోయి మూడో వరుసలో కూర్చుంది.

బుల్లి జెండా కర్ర దగ్గర ఉంది. మేనకోడలు పోయిన ఏడాదే నౌకాదళంలో చేరింది. వద్దని మేస్త్రి చిలక్కి చెప్పినట్టు చెప్పాడు. "నువ్వు చేస్తే ఉద్యోగం, నేను చేస్తే ప్రమాదమా మామయ్యా?" అని నోరు మూయించింది. ఇవాళ జెండా తాడు పట్టుకునే నలుగురిలో ఆమెనూ నిలబెట్టారు. తాడు ఎలా వదలాలో ఒక అధికారి చూపిస్తుంటే శ్రద్ధగా వింటోంది.

"బుల్లీ, ఒక్క మాట," అన్నాడు మేస్త్రి దగ్గరికెళ్ళి.

"రెండు నిమిషాలు మామయ్యా! తాడు చిక్కు పడితే పరువు పోతుంది," అంది కళ్ళు తిప్పకుండా.

ఇంతలో ఎవరో అతని మోచెయ్యి పట్టుకున్నారు. పాత కెప్టెన్‌గారు కారు దిగారు, మెట్లు ఎక్కలేకపోతున్నారు, ఇంజను మేస్త్రి ఎక్కడని అడుగుతున్నారు, వెళ్ళమని చెప్పారు. వెళ్ళక తప్పదు. బుల్లి రెండు నిమిషాలందిగా, ఈలోపు వచ్చెయ్యొచ్చు.

పాత కెప్టెన్‌కు ఎనభై దాటాయి. కోటు ఒంటిమీద వేలాడుతోంది. మేస్త్రి భుజంమీద చెయ్యి వేసి ఒక్కొక్క మెట్టే ఎక్కుతూ, మధ్యలో ఊపిరి కోసం ఆగాడు.

"ఏం కుర్రాడా, జుట్టు నెరిసిందే!"

"నలభై అయిదు సార్."

"నాకు నువ్వు ఆ రాత్రి ఉన్న వయసులోనే గుర్తున్నావు. ఇరవై ఆరో, ఏడో." ఇంకో మెట్టు ఎక్కాడు. "ఆవిడ వచ్చిందటగా, ఆ మనిషి భార్య?"

"మా అక్క సార్."

"అవును, నీ బావ కదూ. మర్చిపోయాను." పెద్దాయన ఆగి కమ్మీ పట్టుకున్నాడు. "నీతో ఒక్క మాట అనాలని చాలా ఏళ్ళుగా ఉంది. ఈ ఓడ పోతే ఇక అనే చోటు కూడా ఉండదు. నువ్వు నా మాట వినకపోయినందుకు నేను నిన్నెప్పుడూ తప్పు పట్టలేదు."

మేస్త్రికి అర్థం కాలేదు. "ఏ మాట సార్?"

"ఆ రాత్రి ఫోన్లో చెప్పిన మాట. మూత వెయ్యొద్దు, ఇంకో పావుగంట టైముంది, వాణ్ణి లాగండి అని చెప్పాను. నువ్వు వేసేశావు. నువ్వు నీళ్ళ దగ్గరున్నావు, నేను పైన ఉన్నాను. నీ కళ్ళకు ఏం కనబడిందో నాకేం తెలుసు? నువ్వు చేసిందే మంచిదయిందేమో. నా మాట విని ఉంటే వాడూ బతికేవాడో, అందరం పోయేవాళ్ళమో. ఎంక్వయిరీలో మాత్రం ఆర్డరు నాదేనని రాశాను. ఇరవై ఏడేళ్ళవాడివి, నిన్ను కోర్టుకీడ్చి నాకేం ఒరుగుతుంది?"

మేస్త్రి మెట్టుమీద నిలబడిపోయాడు. చెవిలో ఆ రాత్రి గాలి హోరు లేచింది. ఫోన్ చెవికి అదిమి పట్టుకున్నాడు. "మూత వెయ్య" వరకూ వినబడింది. దాని వెనక ఏదో ఉంది, గరగరలో పోయింది. అది "వెయ్యి" అనే అనుకున్నాడు. ఇన్నేళ్ళలో ఒక్కసారి కూడా ఇంకోలా అనుకోలేదు. చెయ్యమన్నా, చెయ్యొద్దన్నా మన మాటకు మొదలు ఒకటే, తేడా అంతా తోకలో ఉంటుంది. ఆ తోక తెగిపోయి సముద్రంలో పడింది.

"వెయ్యొద్దన్నారా సార్?"

"నీకు తెలీదా?" పెద్దాయన మసకబారిన కళ్ళతో అతని మొహంలోకి వెతికాడు. "నీకు తెలుసనుకున్నానే. అయ్యో. నీకు తెలుసనుకున్నాను."

పైనుంచి ఇద్దరు వచ్చి ఆయన్ను చెరో పక్కా పట్టుకుని తీసుకెళ్ళి ముందు వరుసలో కూర్చోబెట్టారు. ఆయన వెనక్కి తిరిగి చూస్తూనే వెళ్ళాడు.

బ్యాండు మొదలైంది. మేస్త్రి ఎలా పైకెక్కాడో, తన వాళ్ళ పక్కన బారులో ఎలా నిలబడ్డాడో అతనికే తెలీదు. రెండు నిమిషాలు ఎప్పుడో అయిపోయాయి. ఇప్పటి కెప్టెన్ మాట్లాడాడు. పెద్దమ్మ ఎన్ని మైళ్ళు తిరిగిందో, ఎన్ని తుఫానులు దాటిందో చదివాడు. ఎవరో ముక్కు చీదారు. ఆ తర్వాత, విధి నిర్వహణలో అసువులు బాసిన మన సహచరుడి కూతురు రెండు మాటలు మాట్లాడుతుందని చెప్పి పక్కకు తప్పుకున్నాడు.

బుల్లి మైకు దగ్గరకు నడిచింది. టోపీ సర్దుకుంది. కాగితం మడత విప్పి, దానివంక చూసి, మళ్ళీ మడిచేసింది.

"నాన్న పోయినప్పుడు నాకు మూడేళ్ళు," అంది. "ఆయన మొహం కూడా నాకు గుర్తు లేదు. ఆయన గురించి నాకు తెలిసిందంతా విన్నదే. రాత్రి కూర్చుని రాశాను గాని, ఇక్కడ మీ అందరి ముందు విన్నమాటలు చదవడం బాగోలేదనిపిస్తోంది. ఆ రోజు కళ్ళారా చూసిన మనిషి ఇక్కడే ఉన్నాడు. ఇంట్లో ఎన్నిసార్లు అడిగినా మాట దాటేస్తాడు. ఇవాళ తప్పించుకోలేడు. మామయ్యా, నువ్వు రా. నాన్న ఆఖర్న ఏం చేశాడో నువ్వే చెప్పు."

బారుల్లో నిలబడ్డ తెల్లబట్టలు ఒక్కసారి కదిలి ఆగాయి. ఎవరూ అతనివైపు చూడలేదు. చూడకుండా ఉండటానికి అందరూ పడుతున్న పాట్లు అతనికి తెలుస్తూనే ఉన్నాయి. పక్కనున్నవాడు అరంగుళం జరిగి దారి ఇచ్చాడు.

మైకు దగ్గరికి పదిహేను అడుగులు. నడిచాడు. బుల్లి అతని చెయ్యి నొక్కి, నవ్వి, ఒక అడుగు వెనక్కి వేసింది. ఎదురుగా, ముందు వరుసలో పాత కెప్టెన్ తల దించుకుని, రెండు చేతులూ కర్రమీద పెట్టుకుని కూర్చున్నాడు. సూర్యుడు నీళ్ళను తాకుతున్నాడు.

మేస్త్రి నోరు తెరిచాడు. మూడో వరుసలో అక్క, పర్వాలేదు, ఆర్డరని చెప్పెయ్ అన్నట్టు మెల్లగా తల ఊపింది.